తోడుబువ్వ నర్సింగమ్మ

నర్సింగమ్మ ఒంటరిగా ముద్ద మింగలేదు. ఆమెకున్న జబ్బల్లా అదొక్కటే. మిగతా అన్నిట్లో గట్టి మనిషి. దొర గడిలో వెట్టికి వడ్లు దంచేటప్పుడు ఆమె రోకటి పోటు వాడ చివరిదాకా వినిపించేది. దారిలో పాము కనబడితే ఆమె పక్కకు జరిగేది కాదు, పామే జరిగేది. అంతటి మనిషి ముందు జొన్న గట్క పెట్టి ఒక్కదాన్నే తినమంటే మాత్రం గొంతు మూసుకుపోయేది. ఎదురుగా ఇంకొక మనిషి కూర్చోవాలి. ఊరికే కూర్చుంటే చాలదు, తినాలి. ఆమె ఒక ముద్ద తింటే ఎదుటివాళ్లు ఒక ముద్ద తినాలి. అప్పుడే ఆమెకు దిగేది.

కట్టంగూరు పక్కన ఉన్న ఆ పల్లెలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ఒకసారి నకిరేకల్ పోయే మోటారు రోడ్డు మీద చెడిపోయి ఆగింది. డ్రైవరు దాని కింద దూరి ఏదో బిగిస్తున్నాడు. చేలో కలుపు తీస్తున్న నర్సింగమ్మ సద్దిమూట పట్టుకొని వచ్చి, తినడానికి తోడు రమ్మంది. తిన్నానమ్మా అన్నాడతను. నువ్వు తిన్నావు సరే, నేను తినలేదు కదా అని ఆమె మోటారు పక్కనే కూలబడి, కింద నుంచి కనిపిస్తున్న అతని నోటికి ఒక ముద్ద, తన నోటికి ఒక ముద్ద అందించింది. మూట ఖాళీ అయ్యేదాకా మోటారు కదల్లేదు. ఆ తర్వాత ఆ డ్రైవరు ఆ ఊరి దగ్గరికి వస్తే కొంగు కప్పుకున్న ఏ ముసలమ్మను చూసినా బండి ఉరికించేవాడట. నమ్మకపోతే మానండి, ఊరు మాత్రం ఇప్పటికీ అదే చెబుతుంది.

అందుకే ఆమెకు తోడుబువ్వ నర్సింగమ్మ అని పేరు పడింది. ఆమె ఏ ఇంటి గుమ్మం తొక్కినా పిల్లలు ముందే నవ్వడం మొదలుపెట్టేవాళ్లు.

అయితే ఒక విచిత్రం ఉంది. ఇంటినిండా మనుషులున్నా ఆమెకు అందరూ తోడుగా పనికివచ్చేవాళ్లు కాదు. ఆ ఇంట్లో పాలు తాగే పిల్ల ఉంటే, ఆ పిల్ల తల్లే కూర్చోవాలి. అత్త తానే కూర్చుంటానని పీట వాల్చుకుంటే ఏదో ఒక వంక సిద్ధంగా ఉండేది. పళ్లు లేని అత్తతో, "నువ్వు తిన్నట్టే అనిపియ్యది చెల్లె" అనేది. పళ్లున్న అత్తతో, నువ్వు నములుతుంటే చప్పుడుకు నాకు పొలమారుతుందనేది. మామ కూర్చుంటే కొంగు నిండా కప్పుకొని, మగవాడి ముందు ఎట్లా తింటానని సిగ్గుపడేది. గడి ముందర నిలబడి మగవాళ్లను తాతల పేర్లతో సహా తిట్టే మనిషికి ఆ సిగ్గు ఎక్కడినుంచి వచ్చేదో దేవుడికే తెలియాలి. మోటారు డ్రైవరు మాత్రం మగవాడు కాదా అని ఆమెను అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

కాదనడానికి వీల్లేదు. ఆకలితో కూర్చున్న మనిషిని కంచం ముందునుంచి లేపితే ఇంటికి మంచిది కాదు. పైగా ఆమె వట్టి చేతులతో వచ్చేది కాదు. కొంగులో ఇన్ని పెసర్లో, గడిలో దంచిన చోట ఊడ్చుకొచ్చిన నూకలో, గట్టు మీద తెంపిన తోటకూరో ఉండేవి. అన్నిటికీ మించి, ఆమె మీద అందరికీ జాలి. ఒక్కగానొక్క బిడ్డను చిట్యాల దిక్కు ఇచ్చింది. ఆ బిడ్డ చంటిపిల్లను ఒళ్లో పెట్టుకొని అత్తింట్లోనే కన్ను మూసింది. వెనకే ఆ పిల్లా పోయింది. అప్పటినుంచే నర్సింగమ్మకు ఒంటరిగా ముద్ద దిగడం లేదని చెప్పుకునేవాళ్లు. పాపం, కూర్చోవే కోడలా, ఆమె కోసం ఇంత తిను అనేవాళ్లు అత్తలు.

ఆ వాడలోనే సుక్కమ్మ ఉండేది. మగడు ఎల్లస్వామి దొర దగ్గర జీతానికి ఉన్నాడు. అత్త గుర్వమ్మ. గుర్వమ్మ చెడ్డ మనిషి కాదు. ఇంట్లో అందరూ తిన్నాక కోడలు తినాలన్నది ఆమె పెట్టిన నియమం కాదు. ఆమె అత్త ఆమెకు పెట్టింది, ఆ అత్తకు ఇంకొక అత్త పెట్టింది. కుండ అడుగు గీకిన చప్పుడు వినిపిస్తే ఆ ఇంట్లో కోడలు తింటున్నదని గుర్తు.

సుక్కమ్మ మొదటి కొడుకు గత్తర రోగం వచ్చిన ఏడు పోయాడు. వాడు అప్పటికి కొత్తగా బువ్వ ముట్టాడు. మేనమామ చేతితో మొదటి ముద్ద పడాలి కదా, అది పడలేదు. కోతల హడావుడిలో పక్కింటామె ఎవరో, పిల్లవాడు ఏడుస్తున్నాడని ఇంత గట్క నోట్లో పెట్టింది. కొన్నాళ్లకే వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. ఊరంతా గత్తర తిరుగుతున్నది, కండలు తిరిగిన మగవాళ్లే పిట్టల్లా రాలిపోయారు. అయినా గుర్వమ్మ మనసులో ఒక్కటే నాటుకుంది. మేనమామ ముద్ద పడకముందు బువ్వ పెట్టినందుకే మనవడు దక్కలేదని ఆమె అనుకుంది. సుక్కమ్మ కాదనలేదు. కడుపుకోత అనుభవించిన తల్లి దేన్ని కాదంటుంది?

ఇప్పుడు రెండో కాన్పు. ఆడపిల్ల, నాగులు. ఈసారి ఆచారం తప్పకూడదని అత్తాకోడళ్లిద్దరూ గట్టిగా అనుకున్నారు. కానీ మేనమామ ఊళ్లో లేడు.

సుక్కమ్మకు తల్లీ తండ్రీ పోయారు. పుట్టినిల్లంటే తమ్ముడు లింగస్వామి ఒక్కడే. దొర చుట్టాల మేనా మొయ్యను, వెట్టికి రాను అన్నందుకు దొర మనుషులు వాణ్ణి కట్టేసి కొట్టారు. వాడు తెల్లవారుజామున అక్క ఇంటికి వచ్చాడు. తలకు చుట్టిన రుమాలంతా రక్తం. సుక్కమ్మ దాన్ని ఉతికి దండెం మీద వేసింది. అది ఆరేదాకా ఉండమంటే వాడు ఉండలేదు, వట్టి తలతో వెళ్లిపోయాడు. బొంబాయి పోయాడని ఒకరన్నారు. సోలాపూరు మిల్లులో చూశామని ఇంకొకరన్నారు. దారిలోనే ప్రాణం పోయిందటని ఒకామె అంది, ఆమె మొహం సుక్కమ్మ మళ్లీ చూడలేదు. రుమాలు మాత్రం గోడకు కొయ్య మీద అట్లాగే ఉంది.

వాడలో వరుసకు తమ్ముడయ్యేవాళ్లు లేకపోలేదు. వాళ్లలో ఎవరినైనా పిలుద్దామని ఎల్లస్వామి ఒకసారి అన్నాడు. సుక్కమ్మ ఆ రోజంతా అతనితో మాట్లాడలేదు. ఇంకొకడు వచ్చి మేనమామ పీట మీద కూర్చుంటే తన తమ్ముడు లేడని ఒప్పుకున్నట్టే. అది ఆమెకు చేతకాలేదు.

నాగులుకు నిలబడే ఈడు వచ్చింది గాని కూర్చోవడమే కష్టంగా ఉంది. మెడ సన్నబడింది, పొట్ట ముందుకొచ్చింది. రొమ్ము పట్టుకొని గుంజి గుంజి, చాలక ఏడ్చేది. ఏడ్చే ఓపిక లేక ఊరుకునేది. ఏడ్చినప్పటికంటే ఊరుకున్నప్పుడే సుక్కమ్మకు గుండె జారిపోయేది. మొదటివాడు కూడా చివరికి అట్లాగే ఊరుకున్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లో నర్సింగమ్మ జబ్బు గుర్వమ్మ ఇంటికి మళ్లింది. మధ్యాహ్నం గడి నుంచి వచ్చేది, గుమ్మంలో కూర్చునేది, ఆకలవుతున్నదనేది. గుర్వమ్మకు ఈమె సంగతి తెలుసు. తానే ఎదురుగా కూర్చుంది. నీ మొహం చూస్తే నాకు మా అత్త యాదికొస్తుంది, ముద్ద దిగదు అంది నర్సింగమ్మ. గుర్వమ్మ గోడ దిక్కు తిరిగి కూర్చుంది. ఈపు చూసినా ఆమే యాదికొస్తుంది అంది నర్సింగమ్మ. చివరికి సుక్కమ్మే కూర్చోవలసి వచ్చింది. సుక్కమ్మ సగం ముద్ద తీసుకుంటే ముసలమ్మ కూడా సగమే తినేది. ఆమె పెద్ద ముద్ద పెడితే ఇంత పెద్ద నోరు తెరిచేది. ఇద్దరి ముందూ మట్టి కంచుడు ఖాళీ అయ్యేది. పట్టపగలు, కడుపు నిండా తిని సుక్కమ్మకు ఎంత కాలమైందో ఆమెకే గుర్తు లేదు.

నాగులు తల్లి ఒళ్లో నుంచి చూస్తూ ఉండేది. ముద్ద నర్సింగమ్మ నోట్లోకి పోతే పిల్ల నోరు తెరిచేది, ఆమె మూస్తే మూసేది. నర్సింగమ్మ తినడం ఆపేసింది.

"గిది నోరాడిస్తాంది. ఇంకెప్పుడు పెడ్తరు దీనికి?" అంది.

గుర్వమ్మ ఉన్న సంగతి చెప్పింది. పిల్ల ఎండిపోతున్నదని తనకూ కనిపిస్తున్నది, కానీ చూస్తూ చూస్తూ మళ్లీ ఆ తప్పు చేయలేనంది. "ఆచారం నిలవాలె, బువ్వ పెట్టాలె. అవ్వా కావాలె, బువ్వా కావాలె అంటె ఎట్లొస్తదక్కా?" అంటూ కళ్లు తుడుచుకుంది.

నర్సింగమ్మ సుక్కమ్మ వైపు తిరిగింది. సుక్కమ్మ తల ఎత్తలేదు. "నా తమ్ముడొస్తడవ్వా. వాడొచ్చినంకనే పెడ్త" అంది.

"వస్తడు. రాడని నేనన్ననా?" అంది నర్సింగమ్మ. అంతే, చెయ్యి కడుక్కొని వెళ్లిపోయింది. సగం కంచుడు మిగిలి ఉంది. ఆమె మిగిల్చి లేవడం అదే మొదటిసారి.

మర్నాడు ఆమె వచ్చీరాగానే కొయ్య మీది రుమాలు తీసుకుంది. దులిపి తలకు చుట్టుకుంది. పొయ్యి మసితో మూతి మీద మీసం దిద్దుకుంది. ఎల్లస్వామి కట్టె చేత పట్టుకొని బయటికి పోయి, ఒకసారి దగ్గి, మళ్లీ గుమ్మంలోకి వచ్చి, కాళ్లకు నీళ్లియ్యమని అక్కను పిలిచింది. ఆ దగ్గు లింగస్వామిదే అని కాదు గాని, ఏ లింగస్వామిదైనా కావచ్చు, అంత మగదగ్గు.

పిచ్చి లేచిందా అని గుర్వమ్మ కసిరింది. నర్సింగమ్మ గుమ్మం దాటకుండా, పోయిన ఏడు గడిలో జరిగిన పెళ్లి గుర్తు చేసింది. లగ్గం నాటికి పెళ్లికొడుకు రాలేకపోయాడు. మగపెళ్లివాళ్లు అతని కత్తి పంపారు. ఆ కత్తిని పీట మీద పెట్టి పెళ్లి చేశారు. ఆ పెళ్లికి నీళ్లు మోసి మోసి గుర్వమ్మ భుజాలు వాచిపోయాయి.

"కత్తితోని పుస్తె కట్టిపిచ్చిండ్రు. పెండ్లికొడుకు సచ్చిండని ఎవరన్న అన్నరా?" అని అడిగింది నర్సింగమ్మ. "కత్తొచ్చిందంటె మనిషి ఉన్నట్టే లెక్క. దొరలకు కత్తి, మనకు రుమాలు. ఏం, దొరలకు చెల్లింది మనకు చెల్లదా?"

గుర్వమ్మ కోడలి మొహం చూసింది. సుక్కమ్మ రుమాలునే చూస్తున్నది. ఎంత ఉతికినా అంచు దగ్గర ఒక మరక పోలేదు. ఆ మరక ఇప్పుడు ముసలమ్మ చెవి పక్కన ఉంది. వాడు ఉన్నాడు, దూరాన ఉన్నాడు, అందుకే రుమాలు వచ్చింది. ఆ మాట ఇన్నాళ్లూ ఆమెతో ఎవరూ అట్లా అనలేదు. ఆమెకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే చెంబుతో నీళ్లు తెచ్చి ఆ కాళ్ల మీద పోసింది.

"కూసో తమ్మీ" అంది.

నూకలూ పెసర్లూ కలిపి వండి, వేలితో నలిపి వెన్నలాగ మెత్తగా చేసింది గుర్వమ్మే. మేనమామ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకొని వేలి మీద ఇంత తీసి నోట్లో పెట్టాడు. నాగులు కాసేపు ఆలోచించి, తుపుక్కున మేనమామ మీసం మీదికే ఉమ్మింది. మసీ బువ్వా కలిసి గడ్డం మీదుగా కారింది. ముందు నవ్వింది గుర్వమ్మ. ఆమె నవ్వడం చూసి సుక్కమ్మ నవ్వింది, కళ్లనీళ్లు ఇంకా ఆరనేలేదు.

మేనమామకు కోపం రాలేదు. ఎన్ని మీసాలు పెట్టినా జబ్బు జబ్బే కదా. అక్కా, నువ్వు కూర్చొని తినకుంటే నాకు దిగదు అన్నాడు. ఇద్దరూ పిల్లను మధ్యలో పెట్టుకొని తిన్నారు. పిల్లకు ఎవరూ పెట్టలేదు. ఊరికే ఎందుకు చూపిస్తారు, దిష్టి తగులుతుందని గుర్వమ్మ గొణిగితే, "చూడనియ్యి. అడగంది అమ్మయినా పెట్టదంటరు, అడగనియ్యి" అన్నాడు మేనమామ. కాసేపటికి నాగులు రెండు చేతులతో తల్లి మణికట్టు పట్టుకొని నోటి దిక్కు గుంజింది.

అది మొదలు రోజూ అట్లాగే జరిగింది. పాలు మాన్పించాలా అని సుక్కమ్మ అడిగితే, నర్సింగమ్మ అరిచినంత పని చేసింది. ముందు రొమ్ము, వెనక ఇంత బువ్వ. పాలు పాలే, బువ్వ బువ్వే. నువ్వు తింటేనే పాలు, నువ్వు కుండ అడుగు గీకితే పిల్లకు దక్కేదీ గీకుడే అంది.

మధ్యలో ఒకసారి పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. గుర్వమ్మ నర్సింగమ్మ తల మీది రుమాలు లాగి కొయ్యకు తగిలించేసింది. అన్నంత పనీ అయ్యిందని గోడకు తల కొట్టుకుంది. సుక్కమ్మకు మొదటివాణ్ణి పూడ్చిపెట్టిన చోటే కళ్ల ముందు మెదిలింది. ఆ రోజు నర్సింగమ్మ వేళాకోళమేదీ ఆడలేదు. పలచటి గంజిలో ఇంత ఉప్పు వేసి చుక్క చుక్కగా పోస్తూ, తల్లి రొమ్ముకు పట్టిస్తూ, మళ్లీ గంజి పోస్తూ పొద్దు వాలేదాకా కదలకుండా కూర్చుంది. దొర మనిషి వచ్చి వడ్లు దంచడానికి రావేమని అరిస్తే, నీ దొరనే వచ్చి దంచుకోమను అంది. దానికి ఆమె తర్వాత తిన్న దెబ్బల గురించి ఎవరికీ చెప్పలేదు. పిల్ల తేరుకుంది. గుర్వమ్మ తన చేత్తోనే రుమాలు తీసి నర్సింగమ్మకు ఇచ్చింది. అంతేకాదు, ఆ రోజు నుంచి పొయ్యి దించగానే కోడలికి కూడా కంచుడు పెట్టసాగింది. మేనమామ ఆకలితో పోతే అరిష్టం కదా అని చెప్పుకునేది.

ఎండలు ముదిరేసరికి నాగులు గోడ పట్టుకొని నడవసాగింది. లింగస్వామి కబురు ఇంకా రాలేదు. సుక్కమ్మ చింతకాయ తొక్కు నూరి, ఒక గిన్నెలో పెట్టుకొని, పిల్లను చంకన వేసుకొని మధ్యాహ్నంపూట నర్సింగమ్మ గుడిసెకు పోయింది. తడిక పక్కన నిలబడి లోపలికి చూసి ఆగిపోయింది.

లోపల నర్సింగమ్మ ఒక్కతే ఉంది. కాళ్లు చాపుకొని, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ, గట్క తింటున్నది. తోడు లేదు, పొలమారడం లేదు, గొంతు మూసుకుపోవడం లేదు. ముద్ద మీద ముద్ద హాయిగా దిగిపోతున్నది.

సుక్కమ్మ నాలుగడుగులు వెనక్కి వేసి గట్టిగా దగ్గింది. తడిక తీసి లోపలికి పోయేసరికి నర్సింగమ్మ గోడకు చేరగిలబడి, కొంగుతో మూతి తుడుచుకుంటూ, పొద్దటినుంచి తోడు దొరకక పస్తున్నానంటూ నీరసంగా మూలిగింది. కంచుడు కనిపించలేదు. గుడిసెంతా ఉల్లి వాసన.

సుక్కమ్మ పిల్లను దించి ఎదురుగా కూర్చుంది. నాగులు పాకుతూ పోయి ముసలమ్మ వెనక దూరింది, రెండు చేతులతో ఏదో ఈడ్చుకుంటూ బయటికి వచ్చింది. సగం గట్క ఉన్న కంచుడు.

సుక్కమ్మ దాన్ని అందుకొని ముగ్గురి మధ్యా పెట్టింది.

"మోటారు డ్రైవరు సంగతేందవ్వా మరి?" అంది సుక్కమ్మ.

"అబద్ధం అందరికాడా ఆడాలె బిడ్డా" అంది నర్సింగమ్మ. "కోడండ్లకాడనే ఆడితె అత్తలకు తెల్వదా?"

సుక్కమ్మకు నవ్వు ఆగలేదు. నర్సింగమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆమె మొహం మారింది. పిల్ల తలమీద చెయ్యి వేసి, చిన్నగా అంది. "నా బిడ్డ ముంగట కూసోని, నువ్వు తింటెనే నేను తింట అన్నోళ్లు ఒక్కలు లేకపాయె."

సుక్కమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

నాగులుకు ఇవేవీ పట్టలేదు. పిడికిలి నిండా గట్క తీసుకొని నోట్లో పెట్టుకుంది. ఎవరూ పెట్టకుండా, తన చేత్తో, తనంతట తానే. సగం నోట్లోకి పోయింది, సగం గడ్డం మీదికి పోయింది. మళ్లీ పిడికిలి నింపుకొని ఈసారి నర్సింగమ్మ మూతి దగ్గర పెట్టింది. ముసలమ్మ కడుపు నిండా తిని ఉంది. తల అడ్డంగా ఊపింది. పిల్ల చెయ్యి దించలేదు, తానూ నోరు మూసుకొని కూర్చుంది.

"తినవ్వా" అంది సుక్కమ్మ. "అది ఒక్కతే తినది."

నర్సింగమ్మ నోరు తెరిచింది.